వయోల్ గోష్ఠులు: ఒక గృహసంగీత చరిత్ర

ఒక కళ జీవించియుండుటకు విద్వాంసు లుండిన చాలునని లోకులు సాధారణముగా తలతురు. విద్వాంసుడు వాయించును, తక్కినవారు విందురు. ఇంతతో సంగీతమునకు కొఱత లేదనుకొందురు. ఈ తలంపు సరియైనదా యని విచారించుటకు ఇంగ్లండు దేశపు వయోల్ వాద్యము యొక్క చరిత్ర మిక్కిలి ఉపకరించును. ఆ వాద్యము గృహస్థుల చేతులలో పెరిగినది; వారు విడిచిన పిమ్మట మహావిద్వాంసులును దానిని నిలుపజాలరైరి; మరల గృహస్థులు చేపట్టగా చిగిర్చినది.

వయోలనగా ఫిడేలు కాదు. పాశ్చాత్యులు ఫిడేలును భుజమున కానించి వాయింతురు. వయోలును, అది చిన్నదైనను పెద్దదైనను, మోకాళ్ల నడుమ నిలిపి, అరచేయి పైకి తిప్పి పట్టిన కమానుతో వాయింతురు. సాధారణముగా దానికి తంతులు ఆఱు. మన వీణకువలె మెట్లును గలవు; కాని అవి మైనమున నాటిన లోహపు మెట్లు గాక, మెడచుట్టును బిగించి కట్టిన ప్రేగుతంతులు. నాదము మృదువైనది, ఇంటి గదికి చాలును, మహాసభకు చాలదు. పదునైదవ శతాబ్దాంతమున స్పెయిను దేశమున పుట్టి, ఇటలీలో వృద్ధినొంది, ఇది ఇంగ్లండు చేరినది. 1540లో ఎనిమిదవ హెన్రీ రాజు ఇటలీనుండి ఆఱుగురు వాద్యకులను రప్పించి తన కొలువున నియమించెను.

రాజాస్థానమునుండి ఈ వాద్యము క్రమముగా గృహములలో ప్రవేశించెను. కలిగినవారి ఇండ్లలో రెండు చిన్నవి, రెండు నడిమివి, రెండు పెద్దవి, మొత్తము ఆఱు వయోలులను ఒక పెట్టెలో భద్రపఱచుచుండిరి. సాయంకాలమున పెట్టె తెఱచి, ఇంటివారును చుట్టములును కూర్చుండి వాయించుకొనెడివారు. విలియం బర్డ్, ఆర్లాండో గిబ్బన్స్, జాన్ జెన్కిన్స్, విలియం లాస్ మొదలగు ఘనులు ఈ గోష్ఠులకొఱకు ఫాంటసీలను రచనలను కూర్చిరి. ఒకరెత్తుకొన్న స్వరఖండమును రెండవవా రందుకొందురు, వారినుండి మూడవవారు. ఇందు పక్కవాద్యమనునది లేదు; ఒకరి వెనుక నొకరు నడుచుటయు లేదు. తన వంతు వాయించుచు ఇతరుల వంతు వినుట నేర్వనివాడు, వేళ్లయందెంత నేర్పరియైనను, ఈ గోష్ఠికి పనికిరాడు.

కేంబ్రిడ్జి మండలమున కర్ట్లింగ్ గ్రామములో డడ్లీ నార్త్ (1581–1666) అను ప్రభు వుండెను. అతని ఇంటి సంగీతమును మనుమడైన రోజర్ నార్త్ వర్ణించియున్నాడు. వృద్ధప్రభువు తానే చిన్న వయోలు పట్టెడివాడు, ఆయన కొలువులోని పరిచారకులును, గృహనిర్వాహకుడును, వంటశాల లెక్కలు వ్రాయు గుమాస్తాయు ఆయనతోగూడ వాయించెడివారు, మనుమరాండ్రు పాడెడివారు. జెన్కిన్స్ ఆ ఇంట నుండి విద్య గఱపెను. ఏలికయు గుమాస్తాయు ఆ కొంతసేపైనను సమానులై కూర్చుండుట గమనింపదగినది. ఐనను ఆ కాలమునుగూర్చి మనము మితిమీఱి మురియరాదు. వయోలుల పెట్టెను కొనగలవాడు భాగ్యవంతుడే. గోష్ఠి ముగిసిన వెంటనే ఏలిక ఏలికయే, గుమాస్తా గుమాస్తాయే.

1642లో అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. 1645లో లాస్ రాజు పక్షమున పోరుచు చెస్టరు పట్టణముకడ మడిసెను. 1649లో రాజునకు శిరచ్ఛేద మయ్యెను. ఆస్థాన సంగీతము చెదరెను. పెద్ద దేవాలయములలో గానబృందములు మూగవోయెను. అట్టి కాలమున వెలుపలి కలహములకు వెఱచి పలువురు ఇంటియందే యుండి సంగీతము నాశ్రయించిరని రోజర్ నార్తు చెప్పియున్నాడు. ఆస్థానము కాపాడలేని విద్యను గృహము కాపాడెను.

1660లో రెండవ చార్లెస్ రాజ్యమునకు వచ్చెను. ఆయనకు ఫ్రెంచి మర్యాదలయందును, ఇరువదినాలుగు ఫిడేళ్ల ఘోషయందును ప్రీతి మెండు. 1672లో జాన్ బానిస్టర్ అను ఫిడేలు విద్వాంసుడు లండనులో తన ఇంట షిల్లింగు రుసుముపై కచేరీలు ప్రారంభించెను. రుసుమిచ్చినవారెవరైనను వినగలుగుట మేలే. కాని వాయించువాడొకడు, వినువాడొకడు అను విభాగమును అచ్చటనే బలపడెను. 1676లో కేంబ్రిడ్జి గాయకుడు థామస్ మేస్ పెద్ద గ్రంథము వ్రాసి, పాత వయోల్ గోష్ఠులు అడుగంటుచున్నవని వాపోయెను. 1680లో ఇరువది యేండ్లు దాటీదాటని హెన్రీ పర్సెల్ అపూర్వములైన వయోల్ ఫాంటసీలను రచించెను. అవి అచ్చుపడుట 1927లోనే. 1787లో లండనులో మరణించిన కార్ల్ ఫ్రీడ్రిక్ ఏబెల్ అఖండ విద్వాంసుడే. వినువారు వేలకొలది యుండవచ్చును. కాని ఆయన విడిచిన కమానును అందుకొనుటకు ఇండ్లలో వాయించువారు లేకపోయిరి.

నూఱేండ్లు గడచెను. డల్విచ్ కళాశాలలో ఫిడేలు నేర్పుచుండిన ఆర్నాల్డ్ డోల్మెచ్ (1858–1940) 1889 ప్రాంతమున బ్రిటిష్ మ్యూజియములో దుమ్ము పట్టియున్న వయోల్ రచనలను కనుగొనెను. పాత వాద్యములను బాగుచేసెను, క్రొత్తవానిని తన చేతులతో నిర్మించెను, బిడ్డలకందఱకును నేర్పెను. కుమార్తె హెలెన్ పేరుపొందిన వయోల్ విదుషి యయ్యెను. 1925లో హేజిల్‌మియర్ పట్టణమున ఆయన ప్రారంభించిన సంగీతోత్సవమునకు ఆ కుటుంబమే మూలబలము. 1948లో, మఱియొక కుమార్తె నాథలీ మొదలగువారి పూనికచే, వయోలా డ గాంబా సంఘ మేర్పడెను. వృత్తిగా వాయించువారును, కేవలము ప్రీతికొఱకు వాయించువారును అందు కలిసియున్నారు. క్రొత్తగా నేర్చువారికి వాద్యములను అద్దెకిచ్చుట, ప్రాతరచనలను ఒక్కొక్క వంతుగా అచ్చొత్తించుట, అందఱు కలిసి వాయించుటకు కూటములు కూర్చుట దాని పనులు. ఒకప్పుడు ప్రభువుల పెట్టెలలో బందీయైన వాద్యము ఇట్లు సామాన్యుల ఇంటికి దారి కనుగొనెను.

ఈ కథ మనకేల యందురేమో. గిబ్బన్స్ జీవించిన కాలముననే తంజావూరు నేలిన తెలుగుకవి రఘునాథనాయకుడు వీణకు ఇరువదినాలుగు మెట్లను స్థిరపఱచెనని ప్రసిద్ధి. ఆ వీణ మన ఇండ్లలో నిలిచినదా? కులస్త్రీ పాడుట తగదని చిరకాలము తలచితిమి. వీరేశలింగము పంతులుగారి కాలమునుండి సంస్కర్తలు భోగముమేళములను మాన్పింప పాటుపడిరి. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణము చట్టముచే నిషిద్ధమయ్యెను. అది న్యాయమే. కాని తరతరములుగా విద్యను కాపాడిన ఆ స్త్రీలకు మనము చెల్లింపవలసిన కృతజ్ఞత చెల్లింపలేదు. వారినుండి విద్యను మాత్రము గైకొని మన బాలికలకు నేర్పితిమి. ఆ నేర్పుటయు దేనికొఱకు? పెండ్లిచూపులనాడు రెండు కీర్తనలు వాయించుటకు, లేదా పరీక్షాపత్రము పొందుటకు. పెండ్లియైన మఱునాడు వీణకు గవిసెన తొడుగుదుము. బాలురకు ఆ మాత్రపు విద్యయు అక్కఱలేదనుకొందుము.

మనకు గొప్ప విద్వాంసులున్నారని తృప్తినొందుట చాలదు. ఏబెల్ కాలమున ఇంగ్లండునకును ఉండిరి. వారమునకొక సాయంకాలము, ఇరుగుపొరుగువారు, స్త్రీలును పురుషులును, ఆ ఇంట పనిచేయువారి పిల్లలును కూడి, బహుమానము నాశింపక, తప్పులకు సిగ్గుపడక, తమకు వచ్చినంతలో పాడుకొనుట వాయించుకొనుట అసాధ్యము కాదు. గవిసెన విప్పుటకు ధనమక్కఱలేదు. ఇంటి కోడలికి ఆ గడియ తీఱిక కల్పించు మనస్సు కావలెను.