అగ్నికి ఆహుతి కాని భక్తి – శబరిమల ఆలయ పునర్నిర్మాణ గాథ



మన అయ్యప్ప స్వామి ఆలయ జీర్ణోద్ధరణ పనులు నిర్విఘ్నంగా ముగిసి, మహాకుంభాభిషేక శుభవేళ ఈ ప్రత్యేక సంచిక మీ కరకమలాలను చేరుతున్నది. ఈ పుటలలో దాతల నామావళి ఉన్నది. లక్షలు సమర్పించినవారి పేర్ల సరసనే ఒక సిమెంటు బస్తా ఇచ్చినవారి పేర్లు, ఒక దినం శ్రమదానం చేసినవారి పేర్లు కూడా ఉన్నాయి. ఆ పేర్లను చదివేముందు మీరు ఒక పూర్వగాథను స్మరించుకోవలసి ఉన్నది. అది మన స్వామికి మూలక్షేత్రమైన శబరిమల అగ్నిప్రమాదానికి లోనై, జనుల చేయూతతో తిరిగి లేచిన గాథ.

మాల ధరించి, ఇరుముడి తలకెత్తుకొని, పదునెనిమిది మెట్లను అనేక పర్యాయాలు అధిరోహించిన గురుస్వాములు మనలో ఎందరో ఉన్నారు. అయినప్పటికీ, సన్నిధానంలో తాము కన్నులారా దర్శించుకుంటున్న పంచలోహ మూర్తి 1951వ సంవత్సరంలో ప్రతిష్ఠితమైనదని ఎరిగినవారు కొద్దిమందే. క్షేత్రం పురాతనం. మూర్తి నూతనం. ఈ రెండింటి నడుమ ఒక అగ్నిజ్వాల ఉన్నది. ఆ జ్వాలను దాటించిన భక్తి ఉన్నది.

కొండ, కాన, కోవెల

పశ్చిమ కనుమలలో, నేటి కేరళ రాష్ట్రపు పత్తనంతిట్ట జిల్లాలో, పెరియార్ అభయారణ్య సీమలో, సముద్ర మట్టానికి సుమారు 480 మీటర్ల ఎత్తున శబరిమల వెలసి ఉన్నది. నేడు పంబా తీరం వరకు బస్సులు వెళ్తున్నాయి. విద్యుద్దీపాలున్నాయి. ఆసుపత్రులున్నాయి. 1950 నాటి పరిస్థితిని మీరు ఒక్కసారి మనసులో ఊహించుకోండి. ఎరుమేలి నుండి కాలినడకన అడవులు, కొండలు దాటి రావలసిందే. ఏనుగులు, పులులు సంచరించే దారి అది. యాత్రికులు గుంపులుగా శరణుఘోష చేస్తూ నడిచేవారు. నియమిత దినాలలో తప్ప ఆలయం తెరచి ఉండేది కాదు. నడ మూసిన పిమ్మట అర్చకులు, పరిచారకులు కొండ దిగిపోయేవారు. ఆపైన ఆ కొండకు అడవియే కాపలా.

ఆలయ నిర్మాణం కేరళ సంప్రదాయానుసారం జరిగినది. మన ప్రాంతపు కోవెలలలో పైకప్పు వరకు రాతిపనియే ప్రధానం. కేరళలో గోడలు రాతివైనా, పైకప్పుకు దూలాలు, వాసాలు కొయ్యవే. జడివానలు కురిసే ఆ సీమకు వాలుకప్పులు తగినవి. అయితే ఎండిన కొయ్యకు నిప్పు సోకితే గర్భాలయం కూడా దక్కదు.

శబరిమల ఈ సంగతిని అంతకుముందే చవిచూసింది. 20వ శతాబ్ది ఆరంభంలో ఒకసారి ఆలయం దగ్ధమైనది. ఆనాటి పునర్నిర్మాణపు గుత్తను స్వీకరించినవారు మావేలిక్కరకు చెందిన పొలచిరక్కల్ కొచ్చుమ్మన్ ముదలాలి అనే క్రైస్తవ సోదరులు. నిర్మాణ సామగ్రిని పడవలలో కొంతదూరం, ఆపైన అడవిదారిలో మనుషుల నెత్తిమీద మోయించి కొండకు చేర్పించారని చెబుతారు. స్వామి సన్నిధికి కులమత భేదం లేదని మనం పాడుకునే మాటకు ఆ గోడలే సాక్ష్యం పలికాయి. ఎరుమేలిలో వావరు స్వామి మసీదును దర్శించి ముందుకు సాగే యాత్రికునికి ఇది వింతగా తోచదు.

1950 – కొండపై నిప్పు

1949 జులై 1వ తేదీన తిరువాంకూరు, కొచ్చి సంస్థానాలు ఏకమై ఒకే రాష్ట్రంగా ఏర్పడ్డాయి. ఆలయాల నిర్వహణ రాజుల చేతినుండి నూతనంగా ఏర్పడిన తిరువాంకూరు దేవస్వం బోర్డు అధీనంలోకి వచ్చింది. పాత వ్యవస్థ వైదొలగి, కొత్త వ్యవస్థ కుదురుకుంటున్న ఆ సంధికాలంలోనే విపత్తు సంభవించింది.

1950వ సంవత్సరం జూన్ మాసంలో ఈ సంగతి లోకానికి తెలిసినది. నడ మూసి ఉన్న కాలంలో, జనసంచారం లేని వేళ, ఆలయం కాలిపోయింది. కొండపైకి తిరిగి వచ్చినవారికి కనిపించినవి దగ్ధమైన కప్పు, భిన్నమైన శిలామూర్తి. ప్రభుత్వం ఉన్నత పోలీసు అధికారి కేశవ మేనోన్ చేత విచారణ జరిపించింది. అది దైవికంగా జరిగిన ప్రమాదం కాదని, కావాలని పెట్టిన నిప్పేనని ఆ నివేదిక అభిప్రాయపడింది. 1957లో ఆ నివేదిక బహిరంగమైనది. దోషిగా ఎవరికీ శిక్ష పడలేదు.

భక్తులారా! ఇక్కడ మీరు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ వార్త విన్న జనుల ఎదుట రెండు దారులున్నాయి. కోపాన్ని పెంచుకొని ఒకరినొకరు నిందించుకోవడం ఒకటి. కాలినదాన్ని కట్టుకోవడం రెండవది. కోపం కలుగలేదని చెప్పడం సత్యం కాదు. కలిగింది, పత్రికలకెక్కింది, వేదికలకెక్కింది. అయితే మరుసటి ఏడు తిరగకముందే కొండపై దీపం వెలిగించినది ఆ కోపం కాదు, రెండవ దారిని పట్టినవారి పూనిక.

కాలనివి ఏవి?

మన ఆలయంలో పనులు ఆరంభించే ముందు స్వామివారి కళలను శాస్త్రోక్తంగా కలశంలోనికి ఆవాహన చేసి, బాలాలయంలో ఉంచి అర్చించుకున్నాము. మీలో అనేకులు ఆ రేకుల పందిరి కిందనే పడిపూజలు జరుపుకున్నారు. జీర్ణోద్ధరణకు ఆగమం చూపే క్రమం ఇది. ఇల్లు మరమ్మతు చేయదలచినప్పుడు ఇంటి పెద్దను ముందుగా వేరొక గదిలో సుఖాసీనుణ్ణి చేయడం వంటిది. శబరిమలలో ఆ అవకాశం లేకపోయింది. అగ్ని ముహూర్తం అడిగి రాలేదు.

మరి ఆనాడు మిగిలిందేమిటి? మూడు మిగిలాయి.

మొదటిది, తిరువాభరణాలు. స్వామికి మకర సంక్రాంతినాడు అలంకరించే ఆభరణాలు కొండపై ఉండవు. అవి పందళ రాజమందిరంలో భద్రపరచబడి, ఏటా పేటికలలో, కాలినడకన, మూడు దినాల ప్రయాణంతో సన్నిధానానికి చేరుతాయి. పెంచిన తండ్రి తన బిడ్డకు నగలు పంపించే వాత్సల్యంగా మనం ఆ ఆచారాన్ని భావిస్తాము. ఆ ఆచారం వలననే అవి అగ్నికి చిక్కలేదు.

రెండవది, పూజావిధి. అది గోడలలో లేదు. తంత్రుల కంఠంలో, తాళపత్రాలలో ఉన్నది. కేరళ ఆలయాలకు ప్రామాణిక గ్రంథమైన తంత్రసముచ్చయాన్ని 15వ శతాబ్దిలో చేన్నాసు నారాయణన్ నంబూదిరిపాదులవారు రచించారు. ప్రతిష్ఠ మొదలు జీర్ణోద్ధరణ వరకు విధులన్నీ అందులో క్రోడీకరింపబడ్డాయి.

మూడవది, దీక్ష. నలుబది యొక్క దినాల వ్రతం, నేలపై శయనం, చన్నీటి స్నానం, ఎదుటివానిని ‘స్వామీ’ అని పిలిచే మర్యాద. దీన్ని కాల్చగల నిప్పు లేదు. కొండపై కోవెల కాలినా, మాల వేసుకునే మెడలు ఉన్నాయి కదా!

మధుర నుండి వచ్చిన మూర్తి

నూతన మూర్తిని సమర్పించే భాగ్యం తమిళనాట మధురకు చెందిన పి.టి. రాజన్ గారికి దక్కింది. వీరి పేరు మన పెద్దలకు కొత్త కాదు. జస్టిస్ పార్టీ నాయకులలో ఒకరు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలో, బొబ్బిలి రాజావారికి బదులుగా 1936 ఏప్రిల్ నుండి ఆగస్టు వరకు మద్రాసు ప్రధాన మంత్రిగా పనిచేశారు. విదేశాలలో విద్యనభ్యసించిన న్యాయవాది. వారి స్వస్థలమైన ఉత్తమపాళయం శబరిమలకు తూర్పున, కనుమల ఆవలి వైపున, కంబం లోయలో ఉన్నది.

శిల మరల భిన్నం కాగలదన్న తలంపు ఉన్నదో ఏమో, ఈసారి మూర్తి పంచలోహంతో రూపొందింది. పంచలోహ మూర్తిని శిల్పి ముందుగా మైనంతో తీర్చుతాడు. దానిపై మెత్తని మట్టిని పొరలు పొరలుగా పూసి ఆరబెడతాడు. కాల్చినప్పుడు మైనం కరిగి వెలుపలికి జారిపోతుంది. లోపల మిగిలిన ఖాళీలోనికి కరిగిన లోహం పోస్తాడు. అనగా, మూర్తి జన్మించేది అగ్నిలోనే. పాత మూర్తిని హరించిన అగ్నియే కొత్త మూర్తికి పుట్టినిల్లు అయింది.

ఆ మూర్తిని నేరుగా కొండకు తీసుకొనిపోలేదు. మద్రాసు రాష్ట్రంలోని పలు పట్టణాలలో ఊరేగించారు. ఈ కార్యంలో రాజన్ గారికి కుడిభుజంగా నిలిచినవారు నాటక సమాజాధిపతి నవాబు రాజమాణిక్యం పిళ్లై గారు. వీరికి ‘నవాబు’ అన్న పేరు ఎట్లా వచ్చిందో తెలిస్తే తెలుగువారి హృదయం ఉప్పొంగుతుంది. రామదాసు నాటకంలో గోలకొండ నవాబు తానీషా పాత్రను అద్భుతంగా పోషించినందున ఆ బిరుదు ఆయన ఇంటిపేరుగా స్థిరపడింది. భద్రాచల కోవెల కట్టించిన భక్తుని కథతో పేరు పొందిన నటుడు, శబరిగిరి కోవెల తిరిగి నిలిచేందుకు ఊరూరా తిరిగాడు. అయ్యప్ప చరితాన్ని నాటకంగా ప్రదర్శించి, అంతవరకు ఆ స్వామి పేరు వినని జనులకు వినిపించాడు.

ఈ ఊరేగింపు ఫలితం ఎంతటిదో గమనించండి. అడవిలోని కోవెలకు జనులు వెళ్లడం అంతవరకు ఉన్న పద్ధతి. ఈసారి స్వామియే జనుల వద్దకు వచ్చి, దర్శనమిచ్చి, ఆపైన కొండ ఎక్కాడు. తాకి నమస్కరించిన మూర్తిని మరల చూడాలన్న తపన కలుగక మానుతుందా? తమిళనాట అయ్యప్ప భక్తి వెల్లువెత్తడానికి ఆ యాత్ర ఒక ప్రధాన కారణమైనది. అక్కడినుండి ఆ వెల్లువ మన తెలుగు సీమను ముంచెత్తింది.

ప్రతిష్ఠ – ఆంధ్రదేశపు అనుబంధం

1951వ సంవత్సరంలో పునర్నిర్మిత ఆలయంలో పంచలోహ మూర్తిని తాళమణ్ మఠానికి చెందిన కంఠరరు శంకరరు తంత్రిగారు ప్రతిష్ఠించారు. తాళమణ్ వంశీయుల గురించి కేరళదేశంలో ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉన్నది. పరశురాముడు ఆంధ్రదేశం నుండి ఇద్దరు విప్ర సోదరులను కేరళకు తోడ్కొని వచ్చాడట. వారి తపశ్శక్తిని పరీక్షింపదలచి నదిని దాటమన్నాడట. ఒకరు నీటిపై నడిచారు, వారి వంశం తరణనల్లూరు. మరొకరు నీటి అడుగున నేలపై నడిచారు, వారి వంశం తాళమణ్. ఐతిహ్యాన్ని ఐతిహ్యంగానే స్వీకరించుదాం. అయినా శబరిగిరికి వెళ్లే తెలుగు స్వామి తాను పరాయి సీమకు పోతున్నానని భావించనక్కరలేదని అది గుర్తుచేస్తున్నది.

ఒక్కనాటితో తీరని పని

కుంభాభిషేకం జరిగిన నాటితో జీర్ణోద్ధరణ ముగియలేదు. 1969లో ధ్వజస్తంభ ప్రతిష్ఠ జరిగింది. కొబ్బరికాయల దెబ్బలకు అరిగిపోతున్న పదునెనిమిది రాతి మెట్లకు 1985లో పంచలోహ కవచం తొడిగించారు. అది కూడా అరిగిపోగా 2015లో కొత్త కవచం వేయించారు. 1975లో వెలువడిన ‘స్వామి అయ్యప్పన్’ చలనచిత్రపు లాభాలతో నిర్మాత పి. సుబ్రహ్మణ్యం గారు పంబ నుండి సన్నిధానానికి దారి వేయించారు. అదే నేటి స్వామి అయ్యప్పన్ రోడ్డు. నడ మూసే వేళ మనం వినే ఏసుదాసు గారి హరివరాసనం కూడా ఆ చిత్రం నాటిదే. ఒకరు మూర్తినిచ్చారు, ఒకరు దారినిచ్చారు, ఒకరు కంఠమిచ్చారు.

మనకు పాఠం

దాతలారా! ఈ గాథను కీర్తనగా విని ఊరుకుంటే చాలదు. పి.టి. రాజన్ గారు తదనంతరం మధుర మీనాక్షి ఆలయ పునరుద్ధరణకు సారథ్యం వహించి, 1963లో కుంభాభిషేకం జరిపించారు. అదే ఆలయంలో 2018 ఫిబ్రవరిలో, మండపంలోని దుకాణాల నుండి లేచిన మంటలు వీరవసంతరాయ మండపాన్ని ధ్వంసం చేశాయి. రాతి మండపమైనా నిలువలేదు. కొయ్యకే నిప్పు భయమని అనుకోవడం పొరపాటు. వేడికి రాయి పెచ్చులూడుతుంది, దూలం విరిగిపడుతుంది.

కనుక మన ఆలయ విషయంలో కొన్ని నియమాలు పాటించుదాం. కర్పూర హారతి వెలిగించే చోట పందిరి తాటాకులతో వేయవద్దు. దీపారాధన నూనె డబ్బాలను వంటశాలకు దూరంగా ఉంచుదాం. మండల దీక్షాకాలంలో అలంకార దీపాలకు తాత్కాలికంగా లాగే తీగలను ఎరిగిన మనిషి చేత పరీక్ష చేయిద్దాం. నిప్పునార్పే పరికరాలు గోడకు వేలాడుతుంటే చాలదు, వాటిని వాడడం కనీసం నలుగురు సేవకులకు తెలిసి ఉండాలి. ఉత్సవమూర్తి ఆభరణాల జాబితాను వ్రాసి రెండుచోట్ల భద్రపరుద్దాం. ఇవి దాతల శిలాఫలకంపై చెక్కదగిన కైంకర్యాలుగా తోచకపోవచ్చు. అయినా గోపుర కలశానికి ఇచ్చిన బంగారంతో సమానమైన పుణ్యం వీటిలోనూ ఉన్నది.

1951లో ఆ కొండపై నూతన మూర్తికి జరిగిన తొలి అభిషేకాన్ని కన్నులారా చూచినవారు నేడు అరుదు. వారు నిలబెట్టిన గర్భాలయం ముందు ఏటా లక్షలాది భక్తులు నిలబడుతున్నారు. మన ఆలయ కుంభాభిషేకాన్ని నేడు మీరు చూస్తున్నారు. మీ మనుమలు ఈ సంచికను తెరచి, దాతల పట్టికలో మీ పేరును వేలితో చూపే నాడు, కోవెల చెక్కుచెదరకుండా నిలిచి ఉండేటట్లు కాపాడుకోవడమే మనం నేడు స్వీకరించవలసిన దీక్ష. ఈ మాలకు మాత్రం విరమణ లేదు.

స్వామియే శరణమయ్యప్ప!