కంపెనీ తుపాకీ

సైబర్‌పంక్ నవలల్లో కార్పొరేట్ సైన్యం కనబడగానే నాకు ఈస్టిండియా కంపెనీ గుర్తొస్తుంది. తెలుగు సిపాయిలు కూడా పనిచేసిన సైన్యం అది. కంపెనీ వాళ్ల చేతికిచ్చిన మస్కెట్ గొప్పదేం కాదు. బ్రిటిష్ సైన్యం వాడే 42 అంగుళాల గొట్టాన్ని 39కి తగ్గించి, హంగులు తీసేసి, చవగ్గా, త్వరగా తయారయ్యేలా చేయించుకుంది.

1793లో ఫ్రాన్స్‌తో యుద్ధమొచ్చాక తుపాకులు చాలక బ్రిటిష్ ప్రభుత్వమే కంపెనీ దగ్గర వాటిని కొనుక్కుంది. 1797 నుంచి తనూ అదే నమూనా చేయించింది. అంటే ఒక వ్యాపార సంస్థ పొదుపు లెక్కే రాజ్యానికి ప్రమాణమైపోయింది!

అందుకే తెలుగులో ఎవరైనా సైబర్‌పంక్ రాస్తే, లేజర్లు మానేసి, చవకైన, వేలల్లో దొరికే తుపాకీ రాయమంటాను. దానికి ఎదురుగా నిలబడ్డవాడికి గొట్టం మూడంగుళాలు తగ్గినా తేడా ఏం తెలుస్తుంది?