ఘటమాల కథ: ఎండబెట్టిన సెల్లుల నుండి చేతిఫోను దాకా



తెలుగు పండితునిగా ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడికి బ్యాటరీలతో ఏమి పని అని మీరు అనుకోవచ్చు. పని పడింది. 2025 కార్తీకమాసంలో, మొంథా తుపాను రోజులలో, నా చేతిఫోను నన్నొక పాఠం నేర్చుకొమ్మన్నది. ఆ పాఠం వెనుకకు వెనుకకు పోయి నా చిన్ననాటి ట్రాన్సిస్టరు దగ్గర ఆగింది. అందుకే ఈ టపా కాస్త చరిత్రగా సాగుతుంది.

ముందు జరిగినది చెప్తాను. మా తమ్ముడు పత్తి రైతు. వాడి దగ్గర ఉన్నది మీటల ఫోను. 2025–26 పత్తికాలం నుండి భారత పత్తి సంస్థకు మద్దతు ధరకు పత్తి అమ్మదలచినవారు 'కపాస్ కిసాన్' అనే యాప్‌లో పేరు నమోదు చేసుకొని స్లాటు తీసుకోవలసి వచ్చింది. ఆ సంవత్సరం పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఇంట్లో స్మార్ట్‌ఫోను నాదొక్కటే కాబట్టి ఆ వ్యవహారమంతా నా నంబరు మీదనే నడిచింది.

అక్టోబరు 27 రాత్రి నా ఫోను 'కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినది, ఎక్కించమంటారా' అని అడిగింది. సరేనని నొక్కి పడుకున్నాను. తెల్లవారేసరికి నూటికి నూరు చార్జి ఉన్నది. మధ్యాహ్నానికి ముప్పైకి దిగింది. నేను మాట్లాడినది రెండే సార్లు. జేబులో ఉన్న ఫోను కాగిన చెంబులాగా వెచ్చగా తగిలింది. ఆ సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. రాత్రి తొమ్మిదింటికి ఫోనూ పోయింది.

"ఏందన్నయ్యా ఇది? పొద్దున నిండుగా ఉందంటివి గదా!" అన్నాడు తమ్ముడు. నా దగ్గర జవాబు లేదు.

ఇక జవాబు వెదకటంలో తెలుసుకొన్న సంగతులు. మొదట మాట. బ్యాటరీకి మన పాఠ్యపుస్తకాలలో 'ఘటమాల' అని పేరు. పిల్లలు నవ్వేవారు. కానీ ఇంగ్లీషు మాట కంటె ఈ మాటే అసలు వస్తువుకు దగ్గర. 1749లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తును నిలవచేసే గాజు జాడీలను వరుసగా కలిపి, ఫిరంగుల బారుకు సైన్యంలో ఉన్న 'బ్యాటరీ' అనే పేరును దానికి పెట్టాడు. ఆయన ఎదుట ఉన్నవి ఫిరంగులు కావు, జాడీలే. 1800లో ఓల్టా తన ఆవిష్కరణను ప్రకటించినప్పుడు, ఉప్పునీటి గిన్నెలను వరుసగా పేర్చి లోహపు పట్టీలతో కలిపిన అమరికను కూడా వర్ణించాడు. గిన్నెల వరుస, అనగా ఘటమాల! బావి నుండి నీరు తోడే కుండల చక్రాన్ని మన పూర్వులు ఘటీయంత్రమన్నారు. తెలుగు మాట కూర్చినవారికి ఆ పోలిక తట్టిందో లేదో గాని, మాట మాత్రం చక్కగా కుదిరింది.

మా ఊరికి ఘటమాల వచ్చినది రెండు రూపాలలో. ఒకటి టార్చిలైటు, రెండు ట్రాన్సిస్టరు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయింది. నాకు తెలివి వచ్చేనాటికి మా ఇంట్లో తోలుసంచి తొడిగిన ట్రాన్సిస్టరు ఉండేది. పోస్టాఫీసులో దానికి లైసెన్సు రుసుము కట్టిన రోజులవి. మా నాన్నగారు వ్యవసాయ కార్యక్రమమూ వార్తలూ మాత్రమే విననిచ్చేవారు. పాటలు పెడితే సెల్లులు అయిపోతవని కోప్పడేవారు.

ఆ సెల్లులు జింకు డబ్బాలో నల్లని పొడి కూరిన అనార్ద్ర ఘటాలు. 1866లో ఫ్రాన్సు దేశపు లెక్లాంషీ కనిపెట్టిన తడి ఘటానికి వారసులు. 1970లలో మన నెల్లూరు గడ్డ మీదనే, జపాను వారి మత్సుషితా సంస్థ సహకారంతో 'నిప్పో' సెల్లుల తయారీ మొదలయింది. సెల్లులు నీరసించినప్పుడు మా అమ్మ వాటిని ఒడియాలతో పాటు మేడ మీద ఎండలో పెట్టేది. సాయంత్రానికి రేడియో మళ్ళీ కాస్త గొంతు విప్పేది. అది మూఢనమ్మకం కాదు. విశ్రాంతి వలన లోపల పేరుకొన్న రసాయనాలు సర్దుకొంటవి, వేడి వలన చర్య చురుకవుతుంది. అయితే అది అడుగున మిగిలినదానిని గోకి తీయటమే తప్ప మళ్ళీ నింపటం కాదు.

1977 నవంబరు 19. దివిసీమను ఉప్పెన ముంచిన రోజు. మేము సముద్రానికి దూరంగా ఉన్నాము గాని, ఆ రాత్రి గాలి హోరు ఇప్పటికీ చెవులలో ఉన్నది. మా ట్రాన్సిస్టరులో సెల్లులు అప్పటికే సన్నగిలినవి. వార్తలు చెప్పే గొంతు సన్నబడుతూ సన్నబడుతూ వచ్చింది. నాన్నగారు రేడియో కట్టివేసి, గంటకొకసారి రెండు నిమిషాలు మాత్రమే పెట్టారు. ఎంత మిగిలి ఉన్నదో చెవితో తెలుసుకొని, దానిని పొదుపుగా వాడుకొన్నాము. తెల్లవారేదాకా అది మాట్లాడింది.

1977కూ 2025కూ మధ్య తేడా అదే. ఆ సెల్లు తన బలహీనతను ముందే చెప్పుకొనేది. గొంతు తగ్గేది, టార్చి వెలుగు ఎర్రబడేది. దాని ఖర్చు యజమాని చేతిలో ఉండేది.

మొదటి చేతిఫోనులు కూడా ఈ మర్యాద తప్పలేదు. 2003లో వచ్చిన నోకియా 1100, తల మీద టార్చిలైటుతో, రాత్రిపూట మోటారు వేయటానికి పొలం పోయే రైతు చేతికి బాగా అమరింది. ఒకసారి చార్జి చేస్తే రోజుల తరబడి నడిచేది. 2007 ఆగస్టులో నోకియావారు మత్సుషితా తయారు చేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు వేడెక్కే ప్రమాదమున్నదని ప్రకటించినప్పుడు, మేమందరమూ వెనుక మూత తీసి బ్యాటరీ మీద అంకెలు చదువుకొన్నాము. లోపం ఉన్నది, కాని మూత మన గోటికి ఊడివచ్చేది.

స్మార్ట్‌ఫోనులో ఉన్నది లిథియం అయాన్ ఘటం. 1991లో సోనీవారు తొలిసారి అంగడికి తెచ్చారు. దానికి బాట వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమానం వచ్చింది. ఈ ఘటం గొప్పదే. కాని వాడినకొద్దీ ముసలిదవుతుంది. వేడి దీనికి శత్రువు. మా ఒంగోలు, గుంటూరు రోహిణికార్తెలో దీని ఆయుష్షు ఇంకా త్వరగా తరుగుతుంది.

మరి సాఫ్ట్‌వేర్ మారితే చార్జి ఎందుకు కారిపోతుంది? హైదరాబాదులో ఉన్న మా మనవడు విడమరచి చెప్పాడు. "తాతయ్యా, ఇల్లు మారినట్లనుకో. సామాను సర్దుకొనేదాకా పని ఎక్కువ." కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిన తరువాత ఫోను లోపల యాప్‌లను తిరిగి కూర్చుకొంటుంది, బొమ్మలకూ కాగితాలకూ కొత్త సూచికలు వ్రాసుకొంటుంది. తెర ఆరి ఉన్నా లోపల పని ఆగదు. ఒకటి రెండు రోజులలో ఇది సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఏదో ఒక యాప్ కొత్తదానితో పొసగక ఫోనును నిద్రపోనీయటం లేదని అర్థం. దీనికి తోడు తుపాను గాలిలో టవరు సంకేతం సన్నగిల్లితే, ఫోను గొంతు పెంచి అరవాలి. అరుపుకు చార్జి ఖర్చు. ఆ రోజు నా ఫోనుకు రెండు కష్టాలూ ఒకేసారి వచ్చినవి.

ఇంతవరకు తప్పెవరిదీ కాదనుకొందాము. కాని చరిత్రలో తప్పులూ ఉన్నవి. 2017 జనవరిలో యాపిల్ సంస్థ ఐఓఎస్ 10.2.1 విడుదల చేసింది. ముసలి బ్యాటరీ గల ఐఫోనులు హఠాత్తుగా ఆగిపోకుండా వాటి వేగాన్ని తగ్గించే ఏర్పాటు అందులో ఉన్నది. ఆ సంగతి వాడేవారికి తేటగా చెప్పలేదు. ఫోను పాతబడినదనుకొని కొత్తది కొన్నవారు ఎందరో! 2017 డిసెంబరులో గుట్టు బయటపడి, సంస్థ క్షమాపణ చెప్పి బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. 2018లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ సాఫ్ట్‌వేర్ మార్పుల వలన పాత ఫోనులు నెమ్మదించినందుకు యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జుర్మానా వేసింది. 2020లో ఫ్రాన్సు యాపిల్‌కు 2 కోట్ల 50 లక్షల యూరోలు వేసింది. 2025 జనవరిలో గూగుల్ పంపిన మార్పు కొన్ని పిక్సెల్ 4ఏ ఫోనులలో బ్యాటరీ పట్టే చార్జినే తగ్గించివేసింది. ఉచితంగా బ్యాటరీ మారుస్తామని ఆ సంస్థ ముందుకు రావలసి వచ్చింది.

పత్తి నేల మీద పుట్టినవాడిని కనుక నాకు ఇది కొత్త కథ అనిపించలేదు. 1980లలో పత్తికి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చినవి. కాయతొలుచు పురుగుకు కొత్త మందు, పాతవి పనికిరావన్నారు. ఆ మందులు అతిగా కొట్టిన చేలలో తెల్లదోమ పెచ్చుపెరిగింది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కొన్నేళ్ళకు గులాబీరంగు పురుగు దానికీ అలవాటు పడింది. మందు చెడ్డదనీ విత్తనం చెడ్డదనీ నేను అనను. లోపల ఏమి మారుతున్నదో, దేనికి ఏమి ఖర్చవుతుందో రైతుకు ముందుగా చెప్పినవారు తక్కువ. ఫోను చార్జిని రైతు ప్రాణంతో తూచటం నా ఉద్దేశం కాదు. 'సరే' అని నొక్కే చేతికి తెలియవలసినది తెలియకపోవటం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇంతకూ మా కథ ఎలా ముగిసిందంటే, మూడోరోజు మా పక్కింటివారి ట్రాక్టరు బ్యాటరీకి తీగ తగిలించి ఫోను చార్జి చేశాము. అది సీసపు ఘటమాల, 1859లో ప్లాంటే కనిపెట్టిన జాతి. ముత్తాత మునిమనవడికి పాలు పట్టినట్లయింది! స్లాటు ఆలస్యంగా దొరికింది. తడిసిన పత్తి కొంత ఆరలేదు. తేమ నూటికి పన్నెండు దాటితే మద్దతు ధరకు కొనరు కనుక, దానిని తమ్ముడు తక్కువకు బయట అమ్ముకొన్నాడు. ఆ నష్టానికి కారణం వాన. కాని ఆ రెండు రోజులూ వాడు నా ఫోను వైపు చూసిన చూపు మాత్రం నా ఖాతాలోనిదే.

సాఫ్ట్‌వేర్ మార్చవద్దని నేను చెప్పను. దొంగల నుండి బ్యాంకు ఖాతాను కాపాడే మరమ్మతులు అందులోనే వస్తవి. వాన కబురు ఉన్నప్పుడు, అమ్మకాల వేళ, ప్రయాణం ముందు మాత్రం మార్చవద్దు. మార్చిన తరువాత రెండు రోజులు ఓర్చుకొని, అప్పటికీ తగ్గకపోతే సెట్టింగులలో బ్యాటరీని ఏ యాప్ తింటున్నదో చూడండి. సూర్యుడి ఎండలో మాత్రం పెట్టకండి. అమ్మ వైద్యం ఈ సెల్లుకు పనికిరాదు, పైగా హాని.

మీ ఇళ్ళలో సెల్లులను ఎండబెట్టినవారు ఉన్నారా? మీ ప్రాంతంలో ఘటమాలకు వేరే పేరేమైనా ఉన్నదా? వ్రాయగలరు. పదాలు కూడబెట్టటం నాకు ఇంకా మానని అలవాటు.