విదేశాలలో ట్రేడ్‌మార్కుల నమోదు, పరిరక్షణ: ఎగుమతిదారులు గమనించవలసిన అంశాలు

పద్మారావు నగర్ (సికింద్రాబాద్): కుటుంబ పరిశ్రమలుగా ప్రారంభమైన పచ్చళ్లు, పొడులు, మిఠాయిల వ్యాపారాలు జంటనగరాల నుండి అమెరికా, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాలలోని తెలుగు కుటుంబాల వరకు విస్తరించినవి. అయితే సరుకు సముద్రం దాటినంత మాత్రాన దాని పేరుపై గల హక్కు వెంట వెళ్లదు. పద్మారావు నగర్‌లోని ఒక తయారీదారు తన పేరును భారతదేశంలో నమోదు చేయించుకున్నప్పటికీ, విదేశంలో అదే పేరును వేరొకరు ముందుగా నమోదు చేయించుకున్నట్లయితే, సొంత పేరుతోనే అక్కడ అమ్ముకొనలేని పరిస్థితి ఏర్పడవచ్చును.

ప్రాదేశిక సూత్రం: ట్రేడ్‌మార్కు హక్కు ఏ దేశానికి ఆ దేశానికే పరిమితం. జపాన్‌కు చెందిన టయోటా సంస్థ 'ప్రియస్' పేరు విషయమై దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017 డిసెంబరు 14న ఈ సూత్రాన్నే అనుసరించింది. ప్రపంచ ఖ్యాతి మాత్రమే చాలదని, సంబంధిత కాలంలో భారత విపణిలో ఖ్యాతి ఉన్నట్లు రుజువు కావాలని స్పష్టం చేసింది.

హైదరాబాద్ కేంద్రంగా గల డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌కు అమెరికాలో ఎదురైన అనుభవం కూడా గమనార్హం. ఆ సంస్థ 2015లో విడుదల చేసిన జనరిక్ ఎసోమెప్రజోల్ క్యాప్సూల్స్ ఊదా రంగు తన ట్రేడ్‌మార్కును ఉల్లంఘిస్తున్నదని ఆస్ట్రాజెనెకా వ్యాజ్యం వేయగా, డెలావేర్ ఫెడరల్ కోర్టు అదే సంవత్సరం నవంబరులో వాటి విక్రయాలను తాత్కాలికంగా నిలిపివేసింది. పేరు మాత్రమే గాక రంగు సైతం ట్రేడ్‌మార్కు కాగలదని దీనివల్ల తెలియుచున్నది.

దరఖాస్తు మార్గాలు: ఇందుకు రెండు మార్గాలు కలవు. మొదటిది, ఆయా దేశాలలో నేరుగా దరఖాస్తు చేయడం. భారతదేశం 1998లో పారిస్ ఒప్పందంలో చేరినందున, ఇక్కడి తొలి దరఖాస్తు తేదీ నుండి 6 నెలలలోగా ఇతర సభ్య దేశాలలో దరఖాస్తు చేసినచో తొలి తేదీ ప్రాధాన్యం లభిస్తుంది. రెండవది, భారతదేశంలో 2013 జూలై 8 నుండి అమలులోకి వచ్చిన మాడ్రిడ్ ప్రోటోకాల్. దీని క్రింద ఒకే దరఖాస్తుతో పలు దేశాలను ఎంచుకొనవచ్చును. ఆస్ట్రేలియా 2001లో, అమెరికా 2003లో, కెనడా 2019లో, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2021లో ఇందులో చేరినవి.

విధానం: ముందుగా భారతదేశంలో దరఖాస్తు గాని నమోదు గాని ఉండవలెను. తెలుగు రాష్ట్రాల దరఖాస్తుదారులు చెన్నై ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ పరిధిలోకి వస్తారు. పచ్చళ్లు 29వ, మసాలా పొడులు 30వ, ఔషధాలు 5వ, హోటల్ సేవలు 43వ తరగతి క్రిందకు వస్తాయి. అంతర్జాతీయ దరఖాస్తును భారత రిజిస్ట్రీ ధ్రువీకరించి జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థకు పంపుతుంది. మూల రుసుము నలుపు తెలుపు చిహ్నానికి 653, రంగుల చిహ్నానికి 903 స్విస్ ఫ్రాంకులు. దేశాల వారీ రుసుములు, రిజిస్ట్రీ నిర్వహణ రుసుము దీనికి అదనం.

ఎంచుకున్న ప్రతి దేశం తన చట్టం ప్రకారం పరిశీలించి, సాధారణంగా 12 లేదా 18 నెలలలోగా అభ్యంతరాలు తెలుపవచ్చును. నమోదు కాలపరిమితి 10 సంవత్సరాలు, తదుపరి పునరుద్ధరించుకొనవచ్చును. మొదటి 5 సంవత్సరాలలో భారతదేశంలోని మూల దరఖాస్తు తిరస్కరణకు గురైనా, నమోదు రద్దయినా ఆ మేరకు అంతర్జాతీయ నమోదు కూడా రద్దవుతుంది. అట్టి సందర్భంలో 3 నెలలలోగా ఆయా దేశాలలో జాతీయ దరఖాస్తులుగా మార్చుకునే వెసులుబాటు కలదు.

జాగ్రత్తలు: పేరు ఖరారు చేయుటకు ముందే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ ఉచితంగా అందిస్తున్న గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లో వెదకుట మంచిది. చైనాలో ముందుగా దరఖాస్తు చేసిన వారికే ప్రాధాన్యం గనుక జాప్యం తగదు. అమెరికాలో నమోదైన 5వ, 6వ సంవత్సరాల మధ్య వాడుక ప్రమాణ పత్రం సమర్పించనిచో నమోదు రద్దగును. విదేశీ పంపిణీదారుతో ఒప్పందంలో పేరుపై హక్కు తయారీదారుదేనని స్పష్టంగా వ్రాసుకొనవలెను. పంపిణీదారు అనుమతి లేకుండా తన పేరిట నమోదు చేయించుకున్నచో, దానిని ప్రశ్నించుటకు పారిస్ ఒప్పందం అవకాశం కల్పించుచున్నది. అయితే ఆ పోరాటానికి అయ్యే వ్యయం తొలి నమోదు ఖర్చు కంటే అధికం కావచ్చును గనుక, సరుకు ఓడ ఎక్కకముందే పేరును నమోదు చేయించుకొనుట శ్రేయస్కరం.