ఫిరంగుల ఆడవాళ్ళు

శంషాబాద్ మీదుగా పోయే ఒక పాత కాలువను ఫిరంగి నాలా అంటారు. చందన్‌వెల్లి వైపునుంచి ఇబ్రహీంపట్నం చెరువుకు నీళ్ళు మళ్ళించడానికి నిజాముల కాలంలో తవ్వించింది. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది, కబ్జాల పాలైంది. కొత్తూరులో ఉంటూ రోజూ బస్సులో అటుగా కాలేజీకి వెళ్ళి పాఠాలు చెప్పిన నేను, కాలువకు ఫిరంగి పేరేమిటని చాలా ఏళ్ళు అడగనే లేదు. చరిత్ర లెక్చరర్ని! కట్టించింది ఫ్రెంచి ఇంజనీరనీ, అందుకే ఆ పేరనీ ఊరివాళ్ళే చెప్పారు.

ఫిరంగి అంటే ఫ్రాంకు. అరబ్బీలో ఇఫ్రంజ్, పారశీకంలో ఫరంగీ. వాళ్ళతో వచ్చిన తోపుకు కూడా మన దగ్గర వాళ్ళ పేరే స్థిరపడింది. పన్నెండో శతాబ్దపు అరబ్బు చరిత్రకారులు క్రూసేడర్లను పిలిచింది ఈ మాటతోనే. 'క్రూసేడ్' అనే మాట వాళ్ళకు లేదు. 1085లో స్పెయిన్‌లో టొలీడో పోవడం, ఆ తర్వాత సిసిలీ పోవడం, 1099లో జెరూసలేం పోవడం ఇబ్న్ అల్ అసీర్‌కు ఒకే వరసలోని సంగతులు. ఫిరంగులు ముస్లింల నేల ఆక్రమించుకుంటున్నారు, అంతే. 'సలీబీ యుద్ధాలు' అన్న పేరు పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ భాషలనుంచి తెచ్చుకున్నది. ఆ పేరు పెట్టుకున్న తొలి అరబ్బీ చరిత్ర కైరోలో 1899లో వచ్చింది.

ఇవేవీ నేను క్లాసులో చెప్పేదాన్ని కాదు. మా పాఠంలో పోపు అర్బన్ ఉండేవాడు, రిచర్డ్ ఉండేవాడు. ముస్లింలంటే గుర్రాలమీద వచ్చి గెలిచో ఓడో వెళ్ళిపోయే గుంపు. ఒకరోజు వెనక బెంచీలోంచి బురఖా వేసుకున్న అమ్మాయి లేచి "మేడమ్, సలాహుద్దీన్ దిక్కు ఆడోళ్ళు ఎవ్వరూ లేరా?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. 'మనకు తెలియని మన చరిత్ర' చదివి, స్త్రీవాదినని చెప్పుకు తిరుగుతున్న రోజులవి. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తే మొదట ఎదురైంది ఉసామా ఇబ్న్ మున్కిజ్ (1095-1188). సిరియాలో షైజర్ కోట దొరల ఇంటివాడు. ఫిరంగులతో యుద్ధం చేశాడు, స్నేహమూ చేశాడు. ముసలితనంలో రాసిన జ్ఞాపకాల్లో వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకుంటాడు, మిగతా అన్నింటికీ ముక్కు విరుస్తాడు. ముఖ్యంగా ఆడవాళ్ళ విషయంలో. ఫిరంగి తన భార్యతో నడిచి వెళ్తుంటే ఎవరో పరాయి మగవాడు ఎదురై ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి మాట్లాడతాడట, మొగుడు ఓపిగ్గా నిలబడతాడట. వీళ్ళకు రోషమే లేదంటాడు ఉసామా. మా బస్సులో 'వాళ్ళ ఆడవాళ్ళు' అంటూ మొదలయ్యే కబుర్లు ఎన్ని విన్నానో! ఉసామాను చదువుతుంటే ఆ గొంతులే వినిపించాయి.

అదే పుస్తకంలో టైర్ పట్టణపు స్నానశాల కథ ఉంది. లోపల ఆడమనిషి ఉందని నౌకరు చెప్తాడు. బయటికొచ్చాక ఉసామాకు అనుమానం తీరక, ఆడో మగో చూడమని తన మనిషిని పురమాయిస్తాడు. అతను ఆ పిల్ల బట్ట అంచు ఎత్తి చూస్తాడు! అప్పుడు తండ్రి ఇటు తిరిగి, ఇది నా కూతురు, తల్లి చచ్చిపోయింది, తల రుద్దేవాళ్ళు లేక నేనే తీసుకొచ్చి స్నానం చేయించానంటాడు. మంచి పని చేశావు, పుణ్యమొస్తుందంటాడు ఉసామా. రోషం లేని ఫిరంగి ఈ ఒక్కచోట మంచి తండ్రిగా కనిపించాడు. ఆ పిల్లకు ఎలా ఉందో ఇద్దరికీ పట్టలేదు.

మరి ఉసామా ఇంట్లో రోషం ఎలా ఉండేది? షైజర్ మీద ఇస్మాయిలీలు దాడి చేసిన రోజు వాళ్ళమ్మ అతని కత్తులూ కవచాలూ తీసి మనుషులకు పంచిపెట్టింది. తర్వాత కూతుర్ని లోయ అంచున ఉన్న బాల్కనీలో కూర్చోబెట్టి తను వెనక కూర్చుంది. శత్రువు లోపలికొస్తే కిందికి తోసేయడానికి. ఉసామా దీన్ని గర్వంగా రాసుకున్నాడు. చెల్లెలో అక్కో, ఆ పిల్ల చావుకు తల ఊపుతూ తల్లికి కృతజ్ఞతలు కూడా చెప్పిందట. సలాహుద్దీన్ దిక్కు ఆడవాళ్ళు ఉన్నారు. బాల్కనీలో కూర్చుని ఉన్నారు.

సలాహుద్దీన్ కార్యదర్శి ఇమాదుద్దీన్ మరో రకం. ఏకర్ ముట్టడి (1189-91) సమయంలో ఓడలో వచ్చిన ఫిరంగి ఆడవాళ్ళ గురించి ప్రాసలు దొర్లించుకుంటూ పేజీలకు పేజీలు రాశాడు. మనవాళ్ళ నఖశిఖ వర్ణనలు చాలవన్నట్టు! సైనికుల సుఖానికే వచ్చారంటాడు. మన శిబిరంలోంచీ కొందరు అటు జారుకున్నారని కూడా ఒప్పుకుంటాడు. కవచాలు తొడుక్కుని యుద్ధం చేసిన స్త్రీలూ ఉన్నారనీ, కవచం విప్పాకే ఆడవాళ్ళని తెలిసిందనీ అంటాడు.

బహాఉద్దీన్ ఇబ్న్ షద్దాద్ నాకు వీళ్ళకంటే నచ్చాడు. మూడు నెలల బిడ్డను ముస్లిం దొంగలు ఎత్తుకుపోతే ఫిరంగి తల్లి శత్రు శిబిరానికి నడిచివచ్చి సలాహుద్దీన్ ముందు ఏడవడం, ఆయన అమ్ముడైపోయిన బిడ్డను తిరిగి కొనిపించి ఆమె ఒళ్ళో పెట్టించడం కళ్ళారా చూసి రాశాడు. ఇంకొకటి కూడా రాశాడు. 1191లో రిచర్డ్ తన చెల్లెలు జోన్‌ను సలాహుద్దీన్ తమ్ముడు అల్ ఆదిల్‌కిచ్చి సంధి చేసుకుందామన్నాడు. మగవాళ్ళు లెక్కలన్నీ మాట్లాడుకున్నాక సంగతి జోన్‌కు చెప్తే ఆమె మండిపడి కుదరదు పొమ్మంది. ఆ పేజీలన్నిటిలో నాకు వినబడిన 'వద్దు' అదొక్కటే.

దాదాపు ఏడు వందల ఏళ్ళ తర్వాత ఆ 'వద్దు'ను ఒక ఉర్దూ నవల 'సరే'గా మార్చింది. లక్నో రచయిత అబ్దుల్ హలీమ్ షరర్ (1860-1926), వాల్టర్ స్కాట్ క్రూసేడ్ల నవల 'టాలిస్మన్' చదివి, అందులో ముస్లింలను చూపించిన తీరుకు నొచ్చుకుని 1888లో 'మలికుల్ అజీజ్ వర్జినా' రాశాడు. సలాహుద్దీన్ కొడుకు అజీజ్, రిచర్డ్ ఇంటి పిల్ల వర్జినా ప్రేమించుకుంటారు. తెల్లదొరల పాలనలో ఓడి ఉన్న కాలంలో, ఫిరంగి పిల్ల మనసు గెలవడం ఎంత తీయని విజయమో పాఠకులకు చెప్పనక్కర్లేదు. నవలకు మంచి పేరొచ్చింది.

తర్వాత షరర్ హైదరాబాదులో పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా కొలువులో చేరాడు. మా శంషాబాద్‌కు కూడా పైగాల 'షమ్సుల్ ఉమ్రా' బిరుదు మీదే పేరొచ్చిందంటారు. ఇక్కడినుంచి తన పత్రిక 'దిల్‌గుదాజ్' నడుపుతూ ఇమాం హుసేన్ కూతురు సకీనా జీవితం రాశాడు. అరబ్బీ సాహిత్య గ్రంథాల్లో ఆమె కవుల్ని పిలిచి కవితలకు తీర్పు చెప్పిన మనిషి. భక్తుల స్మృతిలోని సకీనా వేరు. హైదరాబాదులో దుమారం లేచింది. షరర్ పత్రిక సర్దుకుని లక్నో వెళ్ళిపోవాల్సి వచ్చింది. వర్జినాను ఎంత ఊహించినా ఎవరూ ఏమీ అనలేదు. సొంతింటి స్త్రీ గురించి, ఆమె మాట్లాడిందని రాస్తే ఊళ్ళో ఉండనివ్వలేదు. భక్తుల నొప్పిని నేను తేలిక చెయ్యడం లేదు. కానీ ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాను.

లక్నో చేరాక షరర్ 1900లో 'పర్దా-ఎ-ఇస్మత్' అనే పత్రిక పెట్టి, కఠినమైన పర్దాకు వ్యతిరేకంగా వాదించాడు. 'బద్రున్నిసా కీ ముసీబత్' అనే నవలా రాశాడు. ముసుగుల వల్ల రైల్లో ఇద్దరు పెళ్ళికూతుళ్ళు తారుమారైపోయే కథ అది. క్రూసేడ్ల పాఠం వచ్చినప్పుడు ఆ కథ కూడా చెప్పడం మొదలుపెట్టాను. మొదటిసారి చెప్పినప్పుడు వెనక బెంచీలోంచి నవ్వొచ్చింది. ఈసారి ముందు నవ్వింది ఆ అమ్మాయే.