డీజిల్ పికప్ పరువు పోయి, మళ్ళీ ఎలా వచ్చింది?

ఇప్పుడు అమెరికాలో డీజిల్ పికప్ అంటే గర్వంగా చూపించుకునే బండి. 1980ల్లో అలా కాదండి. డీజిల్ అనగానే చాలామంది దూరం జరిగేవారు. దానికి కారణం ఉంది.

1973 చమురు సంక్షోభం తర్వాత అందరికీ మైలేజీ కావాలి. జనరల్ మోటార్స్ 1978 మోడళ్ళలో 5.7 లీటర్ల ఓల్డ్స్‌మొబైల్ డీజిల్ ఇంజన్ పెట్టింది. కార్లతో పాటు తేలికపాటి పికప్‌లకు కూడా. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని ఇరవై రెట్లకు పైగా నొక్కితే ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. అంత ఒత్తిడిని ఆపాలంటే సిలిండర్ హెడ్‌ను గట్టిగా బిగించాలి కదా? కంపెనీ మాత్రం పాత పెట్రోలు ఇంజన్ యంత్రాలతోనే తయారు చేయాలని బోల్టుల అమరిక మార్చలేదు. బోల్టులు సాగాయి, హెడ్ గాస్కెట్లు పోయాయి. డీజిల్‌లో చేరిన నీటిని వేరుచేసే ఫిల్టరు కూడా పెట్టలేదు. ఇది నాకు పిసినారితనంగానే కనిపిస్తుంది. 1985తో ఆ ఇంజన్ ఆగిపోయింది.

ఫోర్డ్ 1983లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళ 6.9 లీటర్ల ఇంజన్ తెచ్చింది. ఇది గట్టిది, కానీ రేడియేటర్ నీళ్ళను పట్టించుకోకపోతే ఊరుకోదు. సిలిండర్ గోడ అదిరినప్పుడు నీళ్ళలో బుడగలు పుట్టి పగులుతాయి. అలా పగిలి పగిలి ఇనుముకే చిల్లు పెడతాయి! అందుకని కూలెంట్‌లో ఒక మందు కలపాలి, కాగితం పట్టీతో పరీక్ష చేస్తూ ఉండాలి.

అసలు మార్పు 1989లో వచ్చింది. డాడ్జ్ రామ్‌లో కమిన్స్ 5.9 లీటర్ల ఇంజన్ పెట్టారు. ట్రాక్టర్లకూ నిర్మాణ యంత్రాలకూ చేసిన ఇంజన్ అది. 160 హార్స్‌పవరే, కానీ 400 పౌండ్-అడుగుల టార్క్. ఆరు సిలిండర్లు ఒకే వరసలో. పశువుల ట్రైలర్లు లాగేవాళ్ళు దాన్ని వదల్లేదు.

దానికీ ఒక రోగం ఉంది. ముందువైపు టైమింగ్ గేర్ల పెట్టెలో ఒక చిన్న ఉక్కు పిన్ను అదురుకి మెల్లగా బయటికి వచ్చి గేర్లలో పడవచ్చు. పడితే ఇంజన్ పోయినట్టే. మందు మాత్రం చవక: పక్క బోల్టు కింద చిన్న రేకు బిగించి పిన్నుకి అడ్డం పెట్టాలి. పాత రామ్ కొనేవాళ్ళు ముందు అడగాల్సింది ఇదే.

ఇంకొక మాట. 1993లో టాటా, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో కంపెనీ పెట్టాయి. ఇదే కుటుంబం 5.9 ఇంజన్లు టాటా లారీలకు వెళ్ళాయి. విజయవాడలో లారీ తోలిన మా పెదనాన్నకి ఫోన్లో నా బండి చప్పుడు వినిపించాను. "డీజిల్ ఫిల్టర్లో నీళ్ళు వదిలావా నాయనా?" అన్నారు. వారం వారం అదే అడుగుతారు.