ఇంటిని వెంటగొని మేడారమునకు

చలికాలమున ఆలుమగలు ఇంటివంటి మోటారు బండిలో ఊరూరు తిరుగుట అమెరికాలో వాడుక. మన సీమకును ఇది క్రొత్త గాదు.

1889 నాటికి నిజాం రైలుమార్గము సికిందరాబాదునుండి బెజవాడకు చేరినది. జనగామ, మానుకోట ఆ దారిలో స్టేషనులైనవి. భూపాలపల్లి వైపు అడవులలోనికి రైలు పోలేదు. కావున మాఘమాసమున సమ్మక్క-సారలమ్మ జాతరకు పోవువారికి గూడుబండియే ఇల్లైనది.

బండిలో క్రింద గడ్డి, పైన బియ్యపు మూట, వంటపాత్రలు, మొక్కుకొన్న 'బంగారము', అనగా బెల్లము. రాత్రి వాగుగట్టున నెగడు. ఆమె మూడు రాళ్ళు పేర్చి వండును. అతడు ఎద్దులకు నీరు పెట్టును. ఏడాదంతయు పొలముపనిలో మునిగిన ఆ యిద్దరికి కూర్చుండి మాటలాడుకొను తీరిక ఈ ప్రయాణముననే దొరకెడిది.

1996లో జాతర రాష్ట్ర పండుగయైనది. బస్సులు పెరిగినవి, బండ్లు తగ్గినవి. 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరిన మేడారము 2019లో ములుగు జిల్లాకు మారినది.

ఒక్క పయనము మాత్రము మారలేదు. సమ్మక్క భర్త పగిడిద్దరాజు. కాకతీయసేనతో పోరాడి ఆ దంపతులు ఒకరికొకరు దూరమైరని జనశ్రుతి. రెండేండ్లకొకమారు మహబూబాబాదు జిల్లా పూనుగొండ్లనుండి పెనక వంశపు కోయపూజారులు ఆయనను కాలినడకనే అడవిదారిన మేడారమునకు కొనితెత్తురు.

బస్సులో రెండు గంటలలో మేడారము చేరి, మరల గడియారము చూచుకొను మనము, ఆ నడకకు ఒకింత దారి యిచ్చి నిలిచినచో, మన తాతలు బండిలో వెంటగొని పోయినదేమో తెలియునని మాకు తోచుచున్నది.